ప్రెప్ స్కూలా, దగ్గరలోని ఎలీట్ క్లబ్బా: మా గోలీ కోసం మేం పడ్డ తర్జనభర్జన

మా అమ్మాయి ఐస్ హాకీలో గోలీ, అంటే గోల్‌కీపర్. 2011లో పుట్టింది, ఈ 2025 జూన్‌లో ఎనిమిదో తరగతి అయిపోయింది. మేముండేది మాసచూసెట్స్‌లో, బోస్టన్‌కి పడమటి వైపు, 495 హైవే పక్కన ఒక ఊళ్లో. తొమ్మిదో తరగతికి ప్రెప్ స్కూల్లో, అంటే కాలేజీకి తయారుచేసే ప్రైవేటు హైస్కూల్లో చేర్చి ఆ స్కూలు టీమ్‌లో ఆడించాలా, లేక ఊళ్లో పబ్లిక్ హైస్కూల్లోనే చదివిస్తూ దగ్గరలోని క్లబ్ తరఫున ఎలీట్ లీగ్ ఆడించాలా అన్నది తేలడానికి కిందటేడు జులై నుంచి ఈ ఏప్రిల్ ఎనిమిదో తారీఖు దాకా పట్టింది. యాష్‌లాండ్ లక్ష్మీ అమ్మవారి గుడిలో కలిసినప్పుడు ఇద్దరు ముగ్గురు తెలుగు తల్లులు ఏం చేశారని అడిగారు. వాళ్ల పిల్లలు ఇంకా 10యూ, 12యూలో (పదేళ్ల దాకా, పన్నెండేళ్ల దాకా వయసు జట్లలో) ఆడుతున్నారు. ప్రసాదం చేతిలో పట్టుకుని నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు. అందుకే వరసగా రాస్తున్నాను.

12యూ దాకా తను మగపిల్లల టీమ్‌లోనే ఆడింది. 14యూ నుంచి అబ్బాయిల ఆటలో బాడీ చెకింగ్ (ఒంటితో ఢీకొట్టడం) మొదలవుతుంది కాబట్టి 2024 వసంతంలో ఆడపిల్లల క్లబ్‌కి మార్చాం. అక్కడ స్టాండ్స్‌లో కూర్చునే తల్లిదండ్రుల మాటల్లో సగం ప్రెప్ స్కూళ్ల గురించే. న్యూ ఇంగ్లాండ్‌లో అది మామూలే. హిలరీ నైట్ చోట్ రోజ్‌మరీ హాల్‌లో చదివింది, మేగన్ డుగ్గన్ కుషింగ్ అకాడమీలో, కెండల్ కోయిన్ బెర్క్‌షైర్ స్కూల్లో. ఒలింపిక్స్‌లో ఆడిన వాళ్ల పేర్లు అలా వరసగా చెవిన పడుతుంటే దారి అదొక్కటే అనిపిస్తుంది. అదొక్కటే కాదు. టేలర్ హైస్ మిన్నెసోటాలో రెడ్ వింగ్ అనే ఊరి పబ్లిక్ హైస్కూల్లో ఆడింది, 2023లో ఆడవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ మొట్టమొదటి డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు ఆటగాళ్లని ఎంచుకునే ప్రక్రియలో) మొదటి పిక్ అయింది. కాకపోతే మిన్నెసోటాలో ఊరి హైస్కూల్ హాకీకి ఉన్నంత బలం మా వైపు లేదు. ఇక్కడ చాలా ఊళ్లకి ఆడపిల్లల టీమ్ సొంతంగా నిలవదు, రెండు మూడు ఊళ్లు కలిసి ఒక టీమ్ పెట్టుకుంటాయి. అందుకని బాగా ఆడే అమ్మాయికి మా దగ్గర నిజంగా మిగిలేవి ప్రెప్, క్లబ్ అన్న ఈ రెండే.

జులైలో కోచ్‌లకి మెయిళ్లు రాయడంతో మొదలుపెట్టాం. ప్రతి స్కూలు వెబ్‌సైట్‌లోనూ హాకీ ఫారం ఉంటుంది: పుట్టిన సంవత్సరం, ఎత్తు, మార్కులు, ఇప్పుడు ఆడుతున్న టీమ్, రాబోయే మ్యాచ్‌ల తేదీలు, వీడియో లింక్. కాలేజీ కోచ్‌లకి ఉన్నట్టు వీళ్లకి ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల సంఘం) ఆంక్షలు లేవు కాబట్టి నేరుగా జవాబిస్తారు, ఫోన్‌లో కూడా మాట్లాడతారు. మా ఆయన రెండు రాత్రులు కూర్చుని మంచి సేవ్‌లన్నీ (తను గోల్ కాకుండా ఆపినవి) ఏరి మూడు నిమిషాల వీడియో చేశారు. అది చూసి ఒక కోచ్ రాసిన జవాబు నాకిప్పటికీ గుర్తే. బాగుంది, కానీ నాకు పూర్తి పీరియడ్ (మ్యాచ్‌లో మూడో వంతు) ఒకటి, తను గోల్ వదిలినది పంపండి, వదిలాక తర్వాతి రెండు నిమిషాలు ఎలా నిలబడుతుందో చూడాలి అన్నాడు. గోలీల తల్లిదండ్రులకి ఇది బాగా పనికొచ్చే మాట. ఆ తర్వాత అందరికీ పూర్తి పీరియడే పంపాం, జవాబులు కూడా త్వరగా వచ్చాయి. మామూలుగా వారం పది రోజులు పట్టేది, ఒకరిద్దరు అసలు పలకలేదు.

సెప్టెంబర్, అక్టోబర్ నెలలు స్కూళ్లు చూడడంలో గడిచాయి. పద్ధతి అంతటా ఒకటే. ఆ స్కూల్లో చదివే ఒక విద్యార్థిని ముప్పావు గంట క్యాంపస్ తిప్పి చూపిస్తుంది, తర్వాత పిల్లని లోపలికి పిలిచి అరగంట మాట్లాడతారు, తర్వాత తల్లిదండ్రులని ఓ పది పదిహేను నిమిషాలు. హాకీ కోచ్‌ని కలవాలంటే ముందే విడిగా చెప్పి పెట్టుకోవాలి.

బోర్డింగ్ స్కూళ్లు చూస్తున్నప్పుడు నా మనసు ఒక చోట నిలవలేదు. నేను ఇంటర్ విజయవాడలో హాస్టల్లో ఉండి చదివాను. పదిహేనేళ్ల పిల్లకి ఆదివారం సాయంత్రాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. అందుకే లైబ్రరీ ఎంత పెద్దదో, రింకు ఎంత కొత్తదో చూపిస్తున్నంతసేపూ నేను వేరేవి చూస్తున్నాను. రాత్రి జ్వరమొస్తే ఏ తలుపు కొట్టాలి? డార్మ్‌లోనే కుటుంబంతో ఉండే టీచర్ ఎన్నో అంతస్తులో ఉంటారు? డైనింగ్ హాల్‌లో మాంసం తినని పిల్ల ప్రాక్టీస్ అయి ఏడున్నరకి వస్తే ఏం మిగిలి ఉంటుంది? చెప్పుకోవాలంటే, నేను భయపడినదానికంటే అక్కడ చాలా బాగుంది. ఆడపిల్లల డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక్కొక్కరికీ పేరు రాసిన అర, ప్యాడ్లు ఆరబెట్టడానికి వేడి గాలి వచ్చే గది. మా క్లబ్‌లో ఆడపిల్లలకి ఒక్కోసారి రిఫరీల గదే దిక్కు. తడిసిన ప్యాడ్లు మా బేస్‌మెంట్‌లో రెండు ఫ్యాన్ల ముందు ఆరతాయి, ఆ వాసన మెట్లెక్కి వంటింటి దాకా వస్తుంది. ఆ గది చూసి మా అమ్మాయి మొహం వెలిగిపోయింది. తనకి అది హాస్టల్ కాదు, హాకీని అంత మర్యాదగా చూసే చోటు. నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

డబ్బు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. బోర్డింగ్ అయితే ఏడాదికి డెబ్బై వేల డాలర్లు దాటుతుంది. ఇంటి నుంచి వెళ్లి వచ్చే డే స్టూడెంట్‌కి మేం చూసిన చోట్ల యాభై ఐదు, అరవై వేల మధ్య. ఆట బాగా ఆడుతుందని ఫీజు తగ్గించరు. న్యూ ఇంగ్లాండ్ ప్రెప్ స్కూళ్లలో అథ్లెటిక్ స్కాలర్‌షిప్ ఉండదు, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయమే. ఎక్సెటర్ అనే ప్రెప్ స్కూలు లాంటి చోట లక్షా పాతిక వేల డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకి ట్యూషన్ లేకుండా చేశారు. కానీ భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే మనలాంటి ఇళ్లు ఆ గీత దాటేస్తాయి, మొత్తం కట్టగలిగే స్థితిలోనూ ఉండవు. ఫారంలో రెండు జీతాలు, ఇంటి లోను అన్నీ కనిపిస్తాయి. తెనాలిలో అమ్మానాన్నల మందులకి, మా అత్తగారి డయాలసిస్‌కి నెలనెలా పంపేది మాత్రం మనంతట మనం రాస్తేనే కనిపిస్తుంది. వివరణ రాసుకోవడానికి చోటు ఉంటుంది, బ్యాంకు కాగితాలు జతచేసి తప్పకుండా రాయండి. మా విషయంలో ఆ రాసినదానికి ఫలితం కనిపించింది.

అక్టోబర్ దాకా మాకెవరూ చెప్పని ఇంకో ఖర్చు ఉంది. ప్రెప్ హాకీ థాంక్స్‌గివింగ్ తర్వాత మొదలై మార్చి మొదట్లో ముగుస్తుంది. బుధ, శనివారాలు మ్యాచ్‌లు, మిగతా రోజుల్లో ప్రాక్టీస్. మరి సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా? ఆ అమ్మాయిలే వారాంతాల్లో ఏదో ఒక క్లబ్‌కి స్ప్లిట్ సీజన్ ఆడతారు. అంటే ప్రెప్‌లో చేరినా క్లబ్ ఫీజు కట్టాల్సిందే, పూర్తి సీజన్‌కి కాకపోయినా సగానికి. పైగా చాలా స్కూళ్లలో ప్రతి విద్యార్థీ మూడు సీజన్లలోనూ ఏదో ఒక ఆట ఆడాలి. వారమంతా మధ్యాహ్నాలు సాకరో క్రాస్ కంట్రీయో, శనివారం పొద్దున కొన్ని చోట్ల తరగతులు, తర్వాత క్లబ్ మ్యాచ్‌లు. ఆ వేళాపట్టిక కాగితం మీద రాసి చూసుకున్నాక, ఇంటి నుంచి తిరిగే డే స్టూడెంట్‌కి నిద్ర ఎక్కడ దొరుకుతుందా అని మా ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. అది నాకు రింకులో ఇంకో గోలీ తండ్రి చెప్పాడు. ఆయన పెద్దమ్మాయి ఆ దారంతా నడిచి వచ్చింది. "స్కూలు గొప్పదా కాదా అని ఆలోచించకండి. మీ గోలీలు ఏ ఏడు గ్రాడ్యుయేట్ అవుతున్నారు అని అడగండి, వాళ్లు చెప్పింది రాసుకోండి" అన్నాడు. ఫార్వర్డ్‌లు టీమ్‌లో పన్నెండు మంది దాకా ఉంటారు, వాళ్లు లైన్లుగా, అంటే చిన్న గుంపులుగా వంతులవారీగా దిగుతారు, కొత్త పిల్లకి మూడో లైన్‌లోనో నాలుగో లైన్‌లోనో చోటు దొరుకుతుంది. నెట్ ముందు నిలబడేది ఒక్కరే. మంచి గోలీ ఇంకా రెండేళ్లు అక్కడే ఉంటుందంటే, ఎంత గొప్ప స్కూలైనా మన పిల్ల ఆ రెండేళ్లు బెంచీ మీదో, జేవీలోనో (స్కూలు రెండో టీమ్‌లోనో) గడపాలి. అడిగితే ఎవరూ తప్పుగా అనుకోలేదు. నలుగురిలో ముగ్గురు కోచ్‌లు సూటిగా సంవత్సరాలు చెప్పారు. ఒక్కరు మాత్రం "ప్రతి ఏడూ అందరికీ పోటీ ఉంటుంది" అని ఊరుకున్నారు. ఆ జవాబు కూడా జవాబే.

క్లాసు మళ్లీ చదవడం అన్న మాట కూడా అక్టోబర్‌లోనే వచ్చింది. పబ్లిక్ స్కూళ్ల నుంచి ప్రెప్‌కి వెళ్లే క్రీడాకారులు ఒక తరగతి మళ్లీ చదవడం ఇక్కడ మామూలు విషయం. ఒక ఏడు ఎక్కువ ఎదుగుతారు, కాలేజీ కోచ్‌లు చూసేసరికి ఇంకాస్త బలంగా ఉంటారు. ఒక కోచ్ చాలా మామూలుగా, ఎనిమిదో తరగతి మళ్లీ చదివి మరుసటేడు వస్తారా అని అడిగాడు. ఆ ఆదివారం వాట్సాప్ కాల్‌లో నాన్నగారికి చెప్పాను. ఆయన లెక్చరర్‌గా రిటైరయ్యారు. కాసేపు మాట్లాడలేదు. "పిల్ల ఫెయిలైందా అమ్మా?" అన్నారు. కాదు నాన్నా, ఇక్కడ ఇలా చేస్తారు అని ఎంత చెప్పినా ఆయన గొంతులో బాధ పోలేదు. లెక్కల్లో క్లాసుకి ముందుండే పిల్ల చేత చదివినదే మళ్లీ చదివించడానికి నాకూ మనసొప్పలేదు. మా ఆయన మాత్రం కొట్టిపారేయకుండా చదివి చూశారు. తెలిసింది ఏమిటంటే, ఎన్‌సీఏఏ డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) అర్హతకి కావలసిన కోర్ సబ్జెక్టులు తొమ్మిదో తరగతి మొదలైన నాటి నుంచి నాలుగేళ్లలో పూర్తవ్వాలి. కాబట్టి ఎనిమిది మళ్లీ చదవడం వేరు, తొమ్మిది అయిపోయాక మళ్లీ చదవడం వేరు. రెండోది చేసేముందు కౌన్సెలర్‌తో కూర్చుని ఒక్కో సబ్జెక్టూ లెక్క చూసుకోవాలి. మేం రెండూ వద్దనుకున్నాం.

నవంబర్‌లో ఎస్ఎస్ఏటీ, అంటే ప్రైవేటు స్కూళ్ల ప్రవేశ పరీక్ష రాసింది. ఎనిమిదో తరగతి పిల్లలు రాసేది అప్పర్ లెవెల్, స్కోరు 1500 నుంచి 2400 మధ్య వస్తుంది. మేం ఎంచుకున్న శనివారమే కనెక్టికట్‌లో టోర్నమెంట్ పడింది. పొద్దున పరీక్ష రాసి, కార్లో పులిహోర తింటూ, మధ్యాహ్నం మ్యాచ్‌కి అందుకుంది. ఆ మ్యాచ్‌లో నాలుగు గోల్స్ వదిలింది. పరీక్ష వల్లే అని నేను, కాదు నా గ్లవ్ చెయ్యి కిందికి జారుతోంది అని తను. హాకీ పిల్లల ఇళ్లలో నవంబర్ అలాగే ఉంటుంది. తేదీ ఎంచుకునేటప్పుడు టోర్నమెంట్ క్యాలెండర్ పక్కన పెట్టుకోండి.

డిసెంబర్, జనవరిలో ప్రెప్ మ్యాచ్‌లు చూడడానికి వెళ్లాం. ఈ ఏడాది మొత్తంలో మాకు ఎక్కువ కళ్లు తెరిపించిన పని ఇదే. టికెట్ లేదు, ఎవరైనా వెళ్లి చూడొచ్చు. బుధవారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి రెండు గంటలు ముందు బయటపడితే చాలు. ఆట వేగం మా 14యూ కంటే చాలా ఎక్కువ. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల అమ్మాయిల షాట్ నెట్ పైమూలకి వెళ్తే చప్పుడు తర్వాత వినిపిస్తుంది. మా అమ్మాయి మొదటి పీరియడ్ అంతా నెట్‌లో ఉన్న గోలీని చూసింది. రెండో పీరియడ్ నుంచి బెంచీ చివర కూర్చున్న రెండో గోలీ మీదే కళ్లు పెట్టింది. ఆ పిల్ల తొమ్మిదో తరగతి అని ప్రోగ్రామ్ కాగితంలో ఉంది. టోపీ పెట్టుకుని, ప్యాడ్లన్నీ కట్టుకుని, లైన్ మారినప్పుడల్లా బెంచీ తలుపు తీస్తోంది, మూస్తోంది. నీళ్ల సీసాలు వరసగా సర్దుతోంది. విరామంలో ఐదు నిమిషాలు నెట్‌లో నిలబడింది, మళ్లీ వచ్చి తలుపు దగ్గర కూర్చుంది. టీమ్ గెలిచింది, ఆ పిల్ల అందరికంటే ముందు వెళ్లి గోలీని కౌగిలించుకుంది. ఇంటికొచ్చే దారిలో మా అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫ్రేమింగ్‌హామ్ దాటాక, "అమ్మా, ఆ పిల్ల ఈ ఏడు ఒక్క మ్యాచ్ అయినా ఆడుతుందంటావా?" అని అడిగింది.

అప్లికేషన్ల గడువు జనవరి 15. ఈ ఏడు అది కనుమ రోజు పడింది. భోగి, సంక్రాంతి రెండు రాత్రులూ వ్యాసాలు దిద్దడంలోనే పోయాయి. ఇంగ్లిష్ టీచర్, లెక్కల టీచర్, కౌన్సెలర్ రాయాల్సిన సిఫారసులు డిసెంబర్ సెలవులకి ముందే అడిగి ఉంచడం మంచిదైంది, జనవరిలో వాళ్ల దగ్గర తోసుకునే జనం. ఫీజు ఒక్కో స్కూలుకి యాభై, అరవై డాలర్లు. ఆర్థిక సాయం ఫారం విడిగా, దానికి ట్యాక్స్ కాగితాలు విడిగా. ఆ తర్వాత మార్చి 10 దాకా ఎదురుచూడడమే. దాదాపు అన్ని స్కూళ్లూ ఆ రోజే ఫలితాలిస్తాయి, ఏప్రిల్ 10 లోగా జవాబు చెప్పాలి.

ఈ మధ్యలో ఉంది అసలు తలనొప్పి. క్లబ్ ట్రయౌట్లు (టీమ్ ఎంపిక పరీక్షలు) మార్చి 10 దాకా ఆగవు. మాకు ఫిబ్రవరి చివరి వారంలో పెట్టారు. 14యూ పూర్తి సీజన్ టీమ్‌లో రెండు గోలీ చోట్లకి ఏడుగురు వచ్చారు. రెండు సాయంత్రాలు, రాత్రి ఎనిమిది దాటాక. రెండో రోజు పదిన్నరకి మెయిల్ వచ్చింది: చోటు ఇస్తున్నాం, నలభై ఎనిమిది గంటల్లో ఒప్పందం మీద సంతకం, వెయ్యి డాలర్ల డిపాజిట్, పైసా వెనక్కి రాదు. మార్చి 10 సాయంత్రం దాకా ఆగమని ఫోన్ చేసి అడిగాను. స్కూలు ఫలితం వస్తుంది, ఆ రాత్రే చెప్పేస్తాం అన్నాను. కుదరదన్నారు, వెనక ఇద్దరు గోలీలు కాచుకున్నారన్నారు. వాళ్ల ఇబ్బంది వాళ్లది కావచ్చు. కానీ స్కూళ్లన్నీ ఒకే తేదీకి ఫలితాలిస్తాయని ఈ రాష్ట్రంలో ప్రతి క్లబ్‌కీ తెలుసు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల ఇళ్లని అలా మూలకి నెట్టడం నాకు అన్యాయంగానే తోచింది, ఇప్పటికీ అలాగే తోస్తోంది. వెయ్యి డాలర్లు పోతే పోయాయి, ఏ టీమూ లేకుండా మిగిలిపోకూడదని కట్టేశాం. ఈ దారిలో వెళ్లే వాళ్లు ఆ వెయ్యిని మొదటి రోజు నుంచే ఖర్చులో రాసేసుకోండి.

మార్చి 10 సోమవారం. సాయంత్రం పోర్టళ్లు తెరిచారు. తను ఒక్కతే గదిలో చూసుకుంటానంది. మేం వంటింట్లో చెవులు రిక్కించుకుని నిలబడ్డాం. ఎక్కువ ఇష్టపడ్డ బోర్డింగ్ స్కూల్లో రాలేదు. ఇంకో బోర్డింగ్‌లో వెయిట్‌లిస్ట్. ఇంటికి నలభై నిమిషాల దూరంలోని స్కూల్లో డే స్టూడెంట్‌గా సీటు, పదిహేడు వేల డాలర్ల సాయంతో. రానిదాని గురించి ఆ రాత్రి ఏడ్చింది. క్లబ్‌లో తన దగ్గరి స్నేహితురాలికి అక్కడే వచ్చింది, ఆ ఏడుపులో అదీ ఉంది. నేను పక్కన పడుకున్నాను. సీటు వచ్చిన స్కూలు గురించి మరుసటి రోజు దాకా ఎవరం మాట్లాడలేదు.

సీటు వచ్చిన పిల్లల్ని ఏప్రిల్ 10 లోపు ఒక రోజు మళ్లీ పిలుస్తారు. తరగతుల్లో కూర్చోబెడతారు, భోజనం పెడతారు. మాకు అది ఉగాది తర్వాతి వారంలో వచ్చింది. తరగతులు తనకి బాగా నచ్చాయి. పన్నెండు మంది బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడే చరిత్ర క్లాసు గురించి ఇంటికొచ్చాక కూడా చెప్తూనే ఉంది. హాకీ కోచ్‌తో అరగంట దొరికింది. ఆమె మంచి మనిషి. అడగ్గానే దాచకుండా చెప్పింది: ఇప్పుడున్న గోలీ 2027లో వెళ్తుంది, ఇంకో గోలీ 2028లో. మీ అమ్మాయి మొదటి రెండేళ్లు జేవీలో ఆడుతుంది, వార్సిటీతో, అంటే స్కూలు మొదటి టీమ్‌తో ప్రాక్టీస్ చేస్తుంది, ఎవరికైనా దెబ్బ తగిలితే పైకి తెస్తాను. జేవీకి మ్యాచ్‌లు తక్కువ, కొన్ని స్కూళ్లకి జేవీ టీమే ఉండదు కాబట్టి రద్దవుతుంటాయి అని కూడా తనే చెప్పింది.

ఆ వారం రోజులు ఇంట్లో ఇదే గొడవ. మా ఆయనకి చదువు వైపు మొగ్గు: హాకీ ఉన్నా లేకపోయినా ఆ చరిత్ర క్లాసు జీవితాంతం పనికొస్తుంది అంటారు. దాన్ని నేను కాదనలేను. లెక్క వేసుకుంటే సాయం పోను ఏడాదికి నలభై వేల పైన మేం కట్టాలి. సాయం కోసం ఏటా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. పైన స్ప్లిట్ సీజన్ క్లబ్ ఫీజు రెండున్నర వేలు. ఇటు క్లబ్ వైపు పూర్తి సీజన్ ఫీజు ఐదు వేల నాలుగు వందలు, హోటళ్లకీ పెట్రోలుకీ మూడు వేలు, వారానికోసారి గోలీ కోచ్‌కి గంటకి తొంభై. గోలీ సామాను రెండు వైపులా మనదే. ఈ ఏడు ఎదిగిపోయింది కాబట్టి కాళ్ల ప్యాడ్లే పద్నాలుగు వందలయ్యాయి. పాతవి అమ్మితే మూడు వందలొచ్చాయి.

నేను అడిగిందల్లా ఒకటే, ఈ రెండేళ్లు ఎక్కడ ఎక్కువ పక్‌లు (ఐస్ హాకీలో కొట్టే బిళ్లలు) ఆపుతావు అని. పద్నాలుగు నుంచి పదహారేళ్ల మధ్య గోలీ ఆడకపోతే ఆ ఆట తర్వాత ఎవరూ తిరిగివ్వరు. క్లబ్‌లో ఇద్దరు గోలీలు వంతులవారీగా ఆడతారు, సీజన్‌లో సగం మ్యాచ్‌లు తనవి. కాలేజీ కోచ్‌లు మాట్లాడడం మొదలుపెట్టేది పదో తరగతి తర్వాత జూన్ 15 నుంచి, అంటే తనకి 2027లో. సరిగ్గా అప్పటిదాకా ఆ స్కూల్లో తను జేవీలో ఉంటుంది. జాతీయ సంఘం యూఎస్ఏ హాకీ పెట్టే డెవలప్‌మెంట్ క్యాంపులకి పిల్లల్ని పుట్టిన సంవత్సరం చూసి పిలుస్తారు, ఆ ఎంపికలో మాసచూసెట్స్ విడిగా ఒక డిస్ట్రిక్ట్. ఆ ట్రయౌట్లలో ప్రెప్ అమ్మాయి, క్లబ్ అమ్మాయి ఒకే మంచు మీద నిలబడతారు. నెట్‌లో ఎక్కువ నిలబడిన పిల్లకే అక్కడ చేతులు వణకవు.

చివరికి తేల్చింది తనే. "చదువు ఇక్కడా చదువుతాను నాన్నా. తలుపు తియ్యడానికి మాత్రం వెళ్లను" అంది. ఆయన ఇంకేం అనలేదు. ఏప్రిల్ 8 రాత్రి ఆ స్కూలుకి వద్దని రాశాం. కోచ్‌కి తనే విడిగా మెయిల్ రాసింది, మర్నాడే చాలా ఆప్యాయంగా జవాబొచ్చింది.

అందరికీ ఇదే సరైందని నేను అనను. మా అమ్మాయి ఫార్వర్డ్ అయివుంటే, లేదా ఆ గోలీల్లో ఒకరు ఈ ఏడే వెళ్లిపోయేవాళ్లయితే, అప్పు చేసైనా ఆ చరిత్ర క్లాసులో కూర్చోబెట్టేవాళ్లం. తరగతులు అవగానే స్కూలు రింకులోనే ప్రాక్టీస్ అయిపోయే సుఖం చిన్నది కాదు. మాకిప్పుడు వారానికి రెండు రాత్రులు తొమ్మిదింటికి ఐస్ దొరుకుతుంది, ఇంటికొచ్చేసరికి పదకొండు. ఊరి హైస్కూల్ టీమ్‌లో కూడా ఆడొచ్చు కదా అని కొందరడిగారు. మా రాష్ట్ర హైస్కూల్ నియమాల ప్రకారం సీజన్ నడిచేటప్పుడు క్లబ్ కోసం స్కూలు ప్రాక్టీస్ మానడానికి వీల్లేదు. పూర్తి సీజన్ క్లబ్ ఆడే పిల్లకి రెండూ పొసగవు. తన ఊరి జెర్సీ వేసుకోలేకపోవడం తనకి లోటే, అది నేను తీర్చగలిగేది కాదు.

మే నెలలో వెయిట్‌లిస్ట్ పెట్టిన బోర్డింగ్ స్కూలు కోచ్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. వాళ్ల గోలీ 2026లో వెళ్లిపోతోంది, పదో తరగతికి మళ్లీ దరఖాస్తు పెడతారా అని. పదిలో సీట్లు తొమ్మిదికంటే బాగా తక్కువ, కానీ ఈసారి ఆ స్కూలుకి గోలీ కావాలి. తొమ్మిది మళ్లీ చదవకుండా నేరుగా పదికైతేనే పెడతామని రాశాం, సరే అన్నారు. ఎస్ఎస్ఏటీ నవంబర్‌లో కాకుండా అక్టోబర్‌లోనే రాయిస్తాం. హాస్టల్ గురించి నేనింకా మనసు కుదుటపరుచుకోలేదు, దానికి డిసెంబర్ దాకా టైముంది. క్లబ్ ఫీజు రెండో వాయిదా జులై 1న కట్టాలి.